కంపెనీ గ్రాంటు మీ ఊరి కుంట దాకా ఎట్లా వస్తుంది?

పడమటి మండలాల్లో ఏ దారిన పోయినా ఒక చెక్‌డ్యాం మీదనో, బడి గోడ మీదనో, మంచినీళ్ళ ప్లాంటు ముందరనో ఒక రేకు బోర్డు కంటపడుతుంది. పైన ఒక కంపెనీ గుర్తు, కింద ఒక స్వచ్ఛంద సంస్థ పేరు, మధ్యన ‘సహకారంతో’ అన్న మాట. చదివి ముందుకు సాగిపోతాం. ఆ కంపెనీకి ఈ ఊరు ఎట్లా తెలిసింది, డబ్బు ఎవరి చేతికి ఇచ్చింది, పక్క ఊరి కుంటకు పూడిక తీసినవాళ్ళు మన కుంట జోలికి ఎందుకు రాలేదు అన్నది మాత్రం ఆ బోర్డు చెప్పదు.

ప్రభుత్వ పథకమైతే మనకు దారి తెలుసు. అర్జీ ఎవరికి ఇవ్వాలో, ఎవరి చుట్టూ తిరగాలో, పాసు పుస్తకం జిరాక్సు ఎన్ని కావాలో ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు. కంపెనీల గ్రాంటు సంగతి అట్లా కాదు. సంస్థవాళ్ళు జీపులో వచ్చి రచ్చబండ దగ్గర మీటింగు పెట్టేదాకా మనకు ఆ ఊసే తెలియదు. మీటింగు పెట్టేనాటికి ఎంత డబ్బు, దేనికి, ఎన్నేళ్ళు, ఎంతమంది రైతులకు అనేవన్నీ ఒక కాగితం మీద ఖాయమైపోయి ఉంటాయి. ఆ కాగితం రాసే రోజుల్లో నోరు విప్పిన ఊరికి ఒక ఫలం, పని మొదలైనాక విప్పిన ఊరికి ఇంకో ఫలం. రెండెకరాల చేను, అడుగంటిన బోరు ఉన్న రైతుకు ఈ తేడా చిన్నది కాదు. అందుకని ఈ వారం ఆ కాగితం నడిచే దారి చూద్దాం.

దానం పాతది, చట్టం కొత్తది

దాతల సొమ్ముతో పనులు జరగడం మన ప్రాంతానికి కొత్త కాదు. మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో క్షయ ఆసుపత్రి అనేక క్రైస్తవ మిషన్లు కలిసి డబ్బు వేసుకోగా 1915లో వెలిసింది. అదే ఏడాది అనీబిసెంట్ మదనపల్లెలో దివ్యజ్ఞాన కళాశాల స్థాపించారు. అప్పట్లో దాతకు మనసైతే ఇచ్చేవాడు, లేకుంటే లేదు.

తర్వాత పెద్ద వ్యాపార కుటుంబాలు ట్రస్టులు పెట్టాయి. టాటాల కుటుంబంలో సర్ రతన్ టాటా ట్రస్టు 1919లో, సర్ దొరాబ్జీ టాటా ట్రస్టు 1932లో వచ్చాయి. టాటా సన్స్ కంపెనీలో దాదాపు మూడింట రెండు వంతుల వాటా ఇట్లాంటి ట్రస్టులదే. కంపెనీకి లాభం వస్తే వాటాదారుగా ట్రస్టుకు డివిడెండు వస్తుంది. ఆ డివిడెండే ఆసుపత్రులకు, చదువులకు, పల్లె పనులకు పోతుంది. తిరుపతిలో 2022లో ప్రారంభమైన క్యాన్సర్ ఆసుపత్రి సంగతి మీకు తెలిసే ఉంటుంది. స్థలం తిరుమల తిరుపతి దేవస్థానానిది, కట్టించి నడిపే బాధ్యత టాటా ట్రస్టులది. విప్రో కంపెనీ పెద్ద అజీం ప్రేమ్‌జీ కూడా ఇదే దారిలో పోయారు. కంపెనీలో 67 శాతం వాటాల మీద వచ్చే రాబడి దాతృత్వానికే చెందేలా 2019లో రాసిచ్చారు. మన రాష్ట్రంలో 2015-16లో మొదలైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమానికి సాంకేతిక సహాయం కోసం 100 కోట్ల రూపాయలు ఇవ్వడానికి ముందుకొచ్చింది ఆయన దాతృత్వ సంస్థే.

ఇవి యజమానులు మనసై ఇచ్చినవి. 2014 ఏప్రిల్ 1 నుంచి ఇంకో రకం డబ్బు వచ్చి చేరింది. అది చట్టం చెప్పినందుకు ఇచ్చేది. 2013 కంపెనీల చట్టంలో 135వ సెక్షన్ అని ఒకటుంది. కంపెనీ నికర ఆస్తి 500 కోట్లు గానీ, ఏడాది వ్యాపారం 1,000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ ఉంటే, గడిచిన మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. దీన్నే సి.ఎస్.ఆర్. అంటున్నారు. లెక్క కోసం ఒక కంపెనీకి మూడేళ్ళలో 80, 100, 120 కోట్ల లాభం వచ్చిందనుకోండి. సగటు 100 కోట్లు. అందులో 2 శాతం అంటే ఆ ఏడాది 2 కోట్లు.

మొదట్లో ఖర్చు పెట్టకపోయినా ‘ఫలానా కారణం వల్ల పెట్టలేదు’ అని రాసుకుంటే సరిపోయేది. 2021 నుంచి ఆ వెసులుబాటు పోయింది. నడుస్తున్న పని ఏదీ లేకుండా మిగిలిన డబ్బును కేంద్రం చెప్పిన నిధుల్లో జమ చెయ్యాలి. పని నడుస్తుంటే ఆ డబ్బు విడిగా ఒక బ్యాంకు ఖాతాలో వేసి మూడేళ్ళలో వాడాలి. దేశం మొత్తం మీద 2022-23లో ఈ పద్దు కింద కంపెనీలు పెట్టిన ఖర్చు దాదాపు 30 వేల కోట్లు. అందులో పెద్ద వాటాలు చదువుకు, ఆరోగ్యానికి పోతాయి. నేల, నీరు, చెట్టు కింద మనకు వచ్చేది తక్కువే. కానీ ఆ పద్దు చట్టంలోనే ఉంది. పర్యావరణం, నేల నీటి సంరక్షణ, అడవి చెట్లతో కలిపి సాగు, గ్రామీణాభివృద్ధి అన్నీ ఏడో షెడ్యూలులో రాసి ఉన్నవే.

ఇక్కడ మనకొక చిక్కు ఉంది. కంపెనీ తాను పనిచేసే చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని అదే సెక్షన్ అంటుంది. బి.కొత్తకోట, తంబళ్ళపల్లె, పెద్దతిప్పసముద్రం, ములకలచెరువు పక్క పెద్ద ఫ్యాక్టరీలు తక్కువ. ఫ్యాక్టరీ పొగ లేదని సంతోషించాలో, పక్కనుండే కంపెనీ లేదని బాధపడాలో తెలియదు. అయితే ఆ మాట కచ్చితమైన నిబంధన కాదని కేంద్రమే వివరణ ఇచ్చింది. కరువు ప్రాంతం అని చూపించగలిగితే బెంగుళూరు కంపెనీ అయినా, హైదరాబాదు కంపెనీ అయినా రావచ్చు. చూపించేవాడు కావాలి.

ఇంకో మాట కూడా గమనించాలి. కంపెనీ తన రోజువారీ వ్యాపారంలో భాగంగా చేసే పని ఈ లెక్కలోకి రాదు. విత్తనాల కంపెనీ మీ పొలంలో ప్రదర్శన క్షేత్రం పెట్టి, టోపీలు పంచి, భోజనం పెడితే అది అమ్మకం పని. దానికి ‘సేవా కార్యక్రమం’ అని బ్యానరు కట్టినా మీరు సేవగా లెక్కపెట్టనక్కరలేదు.

రైతు పేరున చెక్కు రాదు

చాలామంది రైతులు అడిగే మొదటి ప్రశ్న, ‘నేను నేరుగా కంపెనీకి రాస్తే బోరుకు డబ్బు ఇస్తారా?’ అని. ఆ పద్ధతి లేదు. కంపెనీ తానే పని చేయించవచ్చు, లేదా రిజిస్టరైన సంస్థ ద్వారా చేయించవచ్చు. సొసైటీ గానీ, పబ్లిక్ ట్రస్టు గానీ, లాభాపేక్ష లేని సెక్షన్ 8 కంపెనీ గానీ అయి ఉండాలి. బయటి సంస్థ అయితే మూడేళ్ళ పని అనుభవం చూపించాలి. ఆదాయపు పన్ను శాఖ నుంచి 12ఎ, 80జి అనే రెండు పత్రాలు ఉండాలి. 2021 ఏప్రిల్ నుంచి సి.ఎస్.ఆర్.-1 అనే ఫారం నింపి కేంద్రం దగ్గర నంబరు తీసుకోవాలి. ఈ నంబరు లేని సంస్థకు సి.ఎస్.ఆర్. డబ్బు ఇచ్చే వీలు లేదు.

మీ రైతు ఉత్పత్తిదారుల కంపెనీ, అదే ఎఫ్.పి.ఓ., దీనికి అర్హమవుతుందా? నేరుగా కాదు. అది సభ్యులకు లాభం పంచే కంపెనీ. పరస్పర సహాయ సహకార సంఘాల పరిస్థితీ అంతే. మధ్యన ఒక స్వచ్ఛంద సంస్థ ఉండి, గ్రాంటు తాను తీసుకుని, ఎఫ్.పి.ఓ. సభ్యులకు శిక్షణో, గ్రేడింగు షెడ్డో ఏర్పాటు చేసే పద్ధతి ఉంది. టమేటా మండీలో పెట్టె ధర పడిపోయిన రోజున రోడ్డు మీద పారబోసి వచ్చిన రైతుకు ఆ షెడ్డు విలువ వేరే చెప్పనక్కరలేదు. అయితే ఆ షెడ్డు ఎవరి పేరున ఉంటుంది, గ్రాంటు అయిపోయాక ఎవరికి దఖలు పడుతుంది అనేది ముందే రాయించుకోవాలి.

పేర్లు చూసి మోసపోకండి. ‘ఫౌండేషన్’ అని ఉన్నంత మాత్రాన డబ్బిచ్చే సంస్థ కాదు. మదనపల్లె చుట్టుపక్కల పశువుల బీళ్ళు, కుంటలు, ఉమ్మడి భూముల మీద పనిచేస్తున్న ఫౌండేషన్ ఫర్ ఇకలాజికల్ సెక్యూరిటీ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. గుజరాత్‌లోని ఆనంద్ కేంద్రంగా 2001లో ఏర్పడింది. అది దాతల దగ్గర గ్రాంటు తీసుకుని ఊళ్ళల్లో పనిచేసే సంస్థ. కంపెనీ ఫౌండేషన్ అంటే కంపెనీ తన సేవా డబ్బు నడిపించడానికి పెట్టుకున్న వేరే సంస్థ. ఒకటి ఇచ్చే చెయ్యి, ఒకటి పుచ్చుకుని పనిచేసే చెయ్యి. మీ ఊరికి వచ్చిన మనిషిని మొదట అడగాల్సింది ఇదే: ‘మీరు ఇచ్చేవాళ్ళా, తెచ్చేవాళ్ళా? తెచ్చేవాళ్ళయితే ఎవరి దగ్గర తెస్తున్నారు?’ అడిగితే తప్పేమీ లేదు. మంచి సంస్థ అయితే సంతోషంగా చెబుతుంది.

కాగితం నడిచే దారి

స్వచ్ఛంద సంస్థ మొదట రెండు మూడు పేజీల చిన్న నోటు రాసి ఫౌండేషన్‌కు పంపుతుంది. ఫలానా మండలం, ఫలానా సమస్య, ఇంత ఖర్చవుతుంది అని. కొన్ని ఫౌండేషన్లు తామే ప్రకటన ఇచ్చి దరఖాస్తులు పిలుస్తాయి. కొన్ని తమకు నచ్చిన సంస్థలను తామే వెతుక్కుంటాయి. నోటు నచ్చితే కాగితాల సోదా మొదలవుతుంది. రిజిస్ట్రేషను, మూడేళ్ళ ఆడిట్ లెక్కలు, పాలకవర్గంలో ఎవరెవరు ఉన్నారు, ఒకే ఇంటివాళ్ళేనా, కోర్టు కేసులు ఏమైనా ఉన్నాయా అన్నీ చూస్తారు. ఆ తర్వాత ఊరు చూడటానికి ఒక మనిషి వస్తాడు. అప్పుడు పెద్ద ప్రతిపాదన, పక్కా బడ్జెట్టు. అది కంపెనీ సి.ఎస్.ఆర్. కమిటీ ముందుకు, అక్కణ్ణుంచి డైరెక్టర్ల బోర్డు ముందుకు పోతుంది. కమిటీ ఏడాదిలో ఏ కొద్దిసార్లో కూర్చుంటుంది. ఒకసారి తప్పిపోతే మళ్ళీ మూడు నాలుగు నెలలు ఆగాల్సిందే. ఒప్పుకుంటే ఒప్పంద పత్రం రాసుకుంటారు. డబ్బు ఒక్కసారిగా ఇవ్వరు. మొదటి విడత ఇచ్చి, దానికి వినియోగ పత్రం, ఫోటోలు, రిపోర్టు వచ్చాక రెండో విడత.

ఈ దారి మొత్తంలో ఊరు మాట్లాడే చోట్లు రెండే. ఒకటి నోటు, ప్రతిపాదన రాసేటప్పుడు. రెండోది ఊరు చూడటానికి మనిషి వచ్చినప్పుడు.

మొదటి చోట సంస్థ కార్యకర్త మీ ఊరికి వచ్చి ఎన్ని బోర్లున్నాయి, ఎన్ని ఎండిపోయాయి, ఎంతమంది వలస పోతున్నారు అని అడిగి రాసుకుపోతాడు. ‘ఎన్నిసార్లు రాసుకుపోతారయ్యా’ అని విసుక్కోవడం మనకు అలవాటు. విసుగు న్యాయమే కానీ, ఆ లెక్కలే ప్రతిపాదనకు పునాది. దీన్ని వాళ్ళు ‘బేస్‌లైన్’ అంటారు. పనికి ముందు పరిస్థితి ఎట్లా ఉందో తెలిస్తేనే పని తర్వాత ఏం మారిందో తేల్చగలరు. మీ ఊళ్ళో 40 బోర్లు ఎండిపోయి ఉంటే ‘ఏదో పది పోయినాయి’ అని చెప్పకండి. సాయం కోసం 80 అనీ చెప్పకండి. తర్వాత లెక్క తేలకపోతే రెండో విడత ఆగేది మీ ఊరికే.

ఆ మాటల్లోనే మీ అవసరం కూడా చెప్పాలి. సంస్థ ఆఫీసులో ‘ఒక్కో ఊరికి ఐదు సేద్యపు కుంటలు’ అని ముందే అనుకుని ఉండొచ్చు. మీ నేలలో బండ పైకే ఉండి గుంత తవ్వితే నీళ్ళు నిలవవేమో, పాత కుంట కట్టకు మరమ్మతు చేసి తూము బాగు చేస్తే చాలునేమో, ఆ సంగతి మీకు తెలిసినంతగా వాళ్ళకు తెలియదు. ప్రతిపాదనలో ‘సేద్యపు కుంట’ అని అచ్చయిపోయాక దాన్ని ‘తూము మరమ్మతు’గా మార్చాలంటే ఫౌండేషన్ అనుమతి కావాలి. అది తెచ్చుకునేలోగా ఒక వానాకాలం పోతుంది.

ఉమ్మడి స్థలంలో పని అయితే అనుమతి పత్రం అడుగుతారు. చెరువుదైతే నీటిపారుదల శాఖది, అడవి అంచుదైతే అటవీ శాఖది, ఊరి పోరంబోకు అయితే పంచాయతీది, రెవెన్యూది. కంపెనీల లాయర్లు ఈ విషయంలో గట్టివాళ్ళు. పత్రం లేకుంటే అడుగు ముందుకు వెయ్యరు. కాబట్టి గ్రామసభలో తీర్మానం చేసి, పంచాయతీ పుస్తకంలో రాయించి, ఒక నకలు ఊళ్ళోనే ఉంచుకోండి. ఒకే సమస్యతో రెండూళ్ళు పోటీ పడితే, తీర్మానం నకలు చేతిలో ఉన్న ఊరివైపే మొగ్గు ఉంటుంది.

ఇక రెండో చోటు. ఊరు చూడటానికి ఫౌండేషన్ మనిషి వచ్చే రోజు మనవాళ్ళకు పెళ్ళిసందడి. పూలదండ, టెంకాయ, బడిపిల్లల పాట. పాపం ఆయనకు చూడాల్సిన బీడు కంటే మెడలో దండలే ఎక్కువవుతాయి. మర్యాద మన పద్ధతి, కాదనను. కానీ ‘అంతా బాగుంది సార్’ అన్న మాటతో ఆయనను పంపకండి. కట్ట ఒకచోట కుంగి ఉంటే కుంగిన చోటే నిలబెట్టి చూపించండి. అంతా బాగుందని ఆయన రాసుకుపోతే మరమ్మతుకు డబ్బు ఏ కాలంలో నుంచి వస్తుంది? సంస్థవాళ్ళు ‘అది చూపించొద్దు’ అని సైగ చేస్తే, ఆ సంస్థ గురించి మీకు ఒక సంగతి తెలిసినట్టే.

వాళ్ళ క్వార్టర్లు, మన కార్తెలు

కంపెనీకి ఏడాది ఏప్రిల్‌లో మొదలై మార్చిలో ముగుస్తుంది. మూడేసి నెలలకు ఒక క్వార్టరు. రైతుకు ఏడాది రోహిణిలో దుక్కులు, మృగశిరలో విత్తనం. ఈ రెండు లెక్కలు కలవకనే చాలా మంచి పనులు చెడిపోతున్నాయి.

ఎట్లాగంటే, కుంట పూడిక తియ్యాలన్నా, కట్ట వెయ్యాలన్నా ఎండాకాలమే అదను. మార్చి నుంచి మే ఆఖరు దాకా. కమిటీ మే నెలలో కూర్చుని ఒప్పుకుంటే, ఒప్పందం జూన్‌లో, మొదటి విడత జూలైలో వస్తుంది. అప్పటికి చెనక్కాయ విత్తేసి ఉంటారు. చేలో జేసీబీ దిగడానికి దారి ఉండదు, కుంటలో తడి ఉంటుంది. సంస్థ మీద మాత్రం ‘సెప్టెంబరు లోగా వినియోగ పత్రం’ అని ఒత్తిడి. అప్పుడు ఏం చేస్తారు? ఏది వీలైతే అది చేస్తారు. అవసరం ఉన్న కుంట వదిలి దారి పక్కనున్న గుంత తవ్వుతారు. అదను దాటినాక మొక్కలు నాటిస్తారు. లేకుంటే శిక్షణ తరగతులు పెట్టి బిల్లులు చూపిస్తారు. ఏడాది చివర జనవరి నుంచి మార్చి దాకా ఇంకో హడావిడి. కంపెనీకి ఆ ఏడు పద్దు ముగించాలి. అప్పుడు వచ్చే డబ్బు మనకు నిజానికి అనుకూలం, ఎందుకంటే పూడికకు అదను ముందుంది. ఆ డబ్బు అందుకోవాలంటే కొలతలు, అంచనాలు, అనుమతి పత్రాలు డిసెంబరుకే సిద్ధంగా ఉండాలి.

కాబట్టి ప్రతిపాదన రాసేటప్పుడే ఏ పని ఏ నెలలో జరగాలో ఊరు చెప్పాలి. ‘మట్టిపని మే ఆఖరు లోపల, మొక్కలు తొలకరిలో, శిక్షణ కోతలు అయినాక’ అని బడ్జెట్టు పక్కనే ఒక గడిలో రాయించండి. విడతల తేదీలు దాన్నిబట్టి పెట్టమని సంస్థ అడగవచ్చు. అడిగితే ఒప్పుకునే ఫౌండేషన్లు ఉన్నాయి. వాళ్ళలో చాలామందికి మృగశిర ఎప్పుడొస్తుందో తెలియదు, అంతే.

జీపుకు ఎంత, కుంటకు ఎంత?

గ్రాంటు అనగానే ఊళ్ళో వినిపించే మాట, ‘సగం వాళ్ళ జీతాలకే పోతుంది’ అని. దీన్ని కొంచెం నిదానంగా చూడాలి. 30 లక్షల పని అనుకుందాం, ఊహకు మాత్రమే. అందులో 18 లక్షలు మట్టిపని, రాతిపని. 7 లక్షలు ఇద్దరు కార్యకర్తలకు మూడేళ్ళ జీతం. మిగిలింది శిక్షణ, ప్రయాణం, ఆడిట్, ఆఫీసు. కార్యకర్త జీతం వృథా అని నేను అనను. చెక్‌డ్యాం కట్టడం నెల పని. ఆ నీళ్ళు ఎవరు ఎంత వాడుకోవాలి, పక్కన కొత్త బోరు వెయ్యొచ్చా వద్దా అని నలుగురిని కూర్చోబెట్టి ఒప్పించడం మూడేళ్ళ పని.

దీనికొక ఉదాహరణ ఉంది. అంతర్జాతీయ ఆహార విధాన పరిశోధన సంస్థ, పైన చెప్పిన ఫౌండేషన్ ఫర్ ఇకలాజికల్ సెక్యూరిటీ కలిసి మన రాష్ట్రంలో ఊళ్ళల్లో రైతులతో ఒక ఆట ఆడించాయి. ఫలితాలు 2016లో అచ్చయ్యాయి. కొందరు రైతులు ఒకే భూగర్భ జలం పంచుకుంటున్నట్టు అనుకుంటారు. ప్రతి ఒక్కరూ తక్కువ నీళ్ళ పంటో, ఎక్కువ నీళ్ళు తాగి ఎక్కువ డబ్బిచ్చే పంటో ఎంచుకోవాలి. ఏడాది ఏడాదికీ నీటిమట్టం ఎంత దిగిందో కళ్ళ ముందర లెక్క కడతారు. ఆడేటప్పుడు మాట్లాడుకోనిచ్చినప్పుడూ, ఆట అయినాక ఊరంతా కూర్చుని చర్చించుకున్నప్పుడూ అసలు సంగతి బయటికి వస్తుంది. నా బోరు నీది తాగుతోంది, నీ బోరు నాది తాగుతోంది అని. దీనికి సిమెంటు అక్కరలేదు, మనిషి కావాలి. ఆ మనిషికి జీతం ఇవ్వాల్సిందే.

తప్పు పట్టాల్సింది జీతం ఉన్నందుకు కాదు, చెప్పనందుకు. మొత్తం గ్రాంటు ఎంత, మన ఊరి వాటా ఎంత, అందులో పనులకు ఎంత అని అడగండి. చట్టంలో ‘పరిపాలన ఖర్చు 5 శాతం దాటరాదు’ అని ఒకటుంది. అది కంపెనీ తన సొంత సి.ఎస్.ఆర్. విభాగం మీద పెట్టుకునే ఖర్చుకు వర్తించేది, స్వచ్ఛంద సంస్థ కార్యకర్తల జీతానికి కాదు. ఈ రెండూ కలగలిపి పోట్లాడితే మీ మాట తేలిపోతుంది.

రైతు వాటా సంగతి కూడా ఇక్కడే. సి.హెచ్. హనుమంతరావు కమిటీ సిఫార్సులతో 1995 ఏప్రిల్ నుంచి వాటర్‌షెడ్ పనుల్లో రైతు కొంత వాటా వేసే పద్ధతి వచ్చింది. చాలా ఫౌండేషన్లు ఇప్పటికీ అదే అడుగుతాయి. డబ్బు గానీ, కూలి గానీ. ఊరు తన చెయ్యి వేసిందంటే పని నిలుస్తుందని వాళ్ళ నమ్మకం. అందులో నిజం ఉంది. కానీ వాటా అన్నది ఊరి సంఘం ఖాతాలో పడాలి, రసీదు రావాలి. కార్యకర్త జేబులో పడేది వాటా కాదు. ఊళ్ళో పేద ఇంటి ఆడమనిషికి, కౌలు రైతుకు డబ్బు వాటా బరువైతే కూలి వాటాగా మార్చమని అడగవచ్చు.

ఇచ్చే చెయ్యి ఆగితే

గ్రాంటుకు ఆయుష్షు ఉంటుంది. సి.ఎస్.ఆర్. నిబంధనల్లో ‘కొనసాగే పని’ అంటే మొదలుపెట్టిన ఏడు కాక ఇంకో మూడేళ్ళు, అంతే. ఆ తర్వాత కంపెనీ ఉండొచ్చు, పోవచ్చు. కంపెనీయే మునిగిపోవచ్చు కూడా.

ఇది బెదిరింపు మాట కాదు. సత్యం కంప్యూటర్స్ రామలింగరాజు కుటుంబం 2001లో పెట్టిన బైర్రాజు ఫౌండేషన్ కోస్తా పల్లెల్లో ఆరోగ్య కేంద్రాలు, మంచినీటి ప్లాంట్లు నడిపింది. ఇప్పుడు మనమంతా వాడుకుంటున్న 108 అంబులెన్సు 2005 ఆగస్టు 15న మొదలైంది కూడా ఆ రాజుల చొరవతోనే. 2009 జనవరి 7న కంపెనీ లెక్కల్లో మోసం ఉందని రామలింగరాజే లేఖ రాశారు. కంపెనీ కూలింది. ఫౌండేషన్ పనులు కుదించుకుపోయాయి. 108 మాత్రం నిలిచింది. ఎందుకు? అప్పటికే దాని నడక ఖర్చులో అధిక భాగం ప్రభుత్వం భరిస్తూ ఉంది. జీవీకే వాళ్ళు వచ్చి దాని నిర్వహణ చేపట్టారు. ఒకే చేతి మీద ఆధారపడిన పని కుంగిపోయింది, రెండో చెయ్యి ఉన్న పని బతికింది.

మీ కుంట విషయంలో ఆ రెండో చెయ్యి ఎవరిది? ఉపాధి హామీ కావచ్చు, పంచాయతీ కావచ్చు, ఊరి సంఘం ఖాతాలో వేసుకున్న మరమ్మతు నిధి కావచ్చు. మూడేళ్ళు అయినాక తూము పగిలితే ఎవరు బాగు చేస్తారు, మోటారు కాలిపోతే డబ్బు ఎక్కడిది అని పని మొదలవ్వక ముందే అడగండి. జవాబు లేకపోతే ఆ పని తీసుకోవద్దని నేను చెప్పను. జవాబు తయారయ్యేదాకా సంతకం పెట్టకండి.

విదేశీ ఫౌండేషన్ల డబ్బుకు ఇంకో గండం ఉంది. అమెరికాలోని వాల్‌మార్ట్ ఫౌండేషన్ భారత రైతుల కోసం ఐదేళ్ళలో 2.5 కోట్ల డాలర్లు ఇస్తామని 2018లో ప్రకటించింది. ఇట్లాంటి డబ్బు పుచ్చుకునే సంస్థకు ఎఫ్.సి.ఆర్.ఎ. అనుమతి ఉండాలి. 2020 సెప్టెంబరులో ఈ చట్టం బిగించారు. పెద్ద సంస్థ విదేశీ డబ్బు తీసుకుని మీ మండలంలోని చిన్న సంస్థకు పంచే పద్ధతి నిలిపేశారు. పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదన్నారు. 1969 నుంచి అనంతపురం పక్క పనిచేస్తున్న ఆర్.డి.టి.కి 2025లో ఈ అనుమతి రెన్యువల్ చిక్కుల్లో పడితే జనం రోడ్డెక్కారు. అంత పెద్ద సంస్థకే అంత కష్టమైతే మీ మండలంలోని చిన్న సంస్థ సంగతి ఊహించుకోండి. అందుకే మీ ఊరి పని విదేశీ డబ్బుతో నడుస్తుంటే ఆ సంస్థ అనుమతి ఏ ఏడాది దాకా ఉందో తెలుసుకోవడం మంచిది.

లక్షకు ఐదు వేలు అడిగేవాళ్ళు

ఎక్కడ డబ్బు కదులుతుందో అక్కడ దళారి పుడతాడు. ‘ఢిల్లీలో మాకు మనుషులున్నారు. ఒక్కో రైతుకు లక్ష గ్రాంటు ఇప్పిస్తాం, రిజిస్ట్రేషను కింద ఐదు వేలు కట్టండి’ అంటారు. గ్రాంటు రైతు పేరున రాదని పైనే చెప్పుకున్నాం. సరైన ఫౌండేషన్ ఏదీ సాయం చేయడానికి ముందు రైతు దగ్గర ఫీజు వసూలు చెయ్యదు. 2025 మొదట్లో కేరళలో ఇట్లాంటి పెద్ద మోసం బయటపడింది. సగం ధర కడితే స్కూటరు, కుట్టుమిషను ఇస్తామని, మిగిలిన సగం కంపెనీల సి.ఎస్.ఆర్. నుంచి వస్తుందని చెప్పి వేలాది మంది దగ్గర డబ్బు వసూలు చేశారు. పోగొట్టుకున్నవాళ్ళలో ఎక్కువ మంది ఆడవాళ్ళు. చదువుకున్న రాష్ట్రం, ఊరూరా సంఘాలున్న రాష్ట్రం. అక్కడే అట్లా జరిగింది.

ఆధార్ నకలు, పాసు పుస్తకం నకలు ఇవ్వాల్సి వస్తే నకలు మీద ఏ పనికి ఇస్తున్నారో రాసి, తేదీ వేసి ఇవ్వండి. ఖాళీ కాగితం మీద వేలిముద్ర వద్దు. లబ్ధిదారుల జాబితాలో మీ పేరు ఉంటే, మీకు ఏం అందిందని రాశారో చదివించుకుని సంతకం పెట్టండి. రెండు మేకలిచ్చి ఐదని రాసుకుపోతే రేపు అడగడానికి మీ చేతిలో ఏమీ ఉండదు.

వచ్చిన సంస్థ నిజమైనదా కాదా అని చూడటం ఇప్పుడు కష్టం కాదు. ఇంట్లో చదువుకున్న పిల్లల ఫోనులో గానీ, మండలంలో నెట్ సెంటరులో గానీ చూడొచ్చు. నీతి ఆయోగ్ నడిపే ‘ఎన్.జి.ఓ. దర్పణ్’ అనే చోట స్వచ్ఛంద సంస్థల పేర్లు, నంబర్లు ఉంటాయి. కేంద్రం నడిపే జాతీయ సి.ఎస్.ఆర్. పోర్టల్‌లో కంపెనీ పేరు కొడితే ఏ ఏడాది ఏ రాష్ట్రంలో, ఏ పద్దు కింద ఎంత ఖర్చు పెట్టిందో కనిపిస్తుంది. మీ ఊళ్ళో బోర్డు మీదున్న కంపెనీ పేరే కొట్టి చూడండి. ఒక మాట గుర్తుంచుకోవాలి. కంపెనీలు ఏడాది ముగిసి, లెక్కలు తేలాకే ఈ వివరాలు పంపుతాయి. కాబట్టి ఈ వేసవిలో తవ్విన కుంట లెక్క అందులో కనిపించడానికి ఏడాదిన్నర అయినా పడుతుంది. అందాకా మీ దగ్గరుండే తీర్మానం నకలు, వాటా రసీదులు ఒక సంచిలో వేసి పాసు పుస్తకం పక్కనే పెట్టుకోండి.